అమ్మ మోసిన కుండ

మా అమ్మ అప్పలమ్మకు మనశ్శాంతి ఎప్పుడూ తక్కువే. దేవుడు దొరికాక అది ఇంకా తగ్గింది. అలా అంటే కోప్పడేది గానీ, దగ్గరుండి చూసినదాన్ని నేను.

మా దీవిలో పిటాన్ అనే ఊళ్ళో మాది చెరకు కోతకు పోయే ఇల్లు. నాన్న పోయాక అమ్మ, నాన్నను కన్న పోలమ్మవ్వ, నేను మిగిలాం. కెరోల్ తుఫానుకు మా రేకులు ఎగిరిపోతే పక్కింటి జీనెట్ మమ్మల్ని చర్చిలోకి లాక్కుపోయింది. బయట గాలి హోరెత్తుతుంటే జీనెట్ తన క్రెయోల్ భాషలో బొందియే, బొందియే అని పిలుస్తున్న దేవుణ్ణి అమ్మ కూడా పిలిచింది. ఏడాది తిరక్కుండా జ్ఞానస్నానం తీసుకుంది. దేవుడు ఒక్కడే, ఇంకెవరికీ మోకాలు వంచకూడదని ఫాదర్ చెప్పిన మాటను కొంగున ముడి వేసుకుంది.

అవ్వ మాత్రం సింహాద్రి అప్పన్ననూ వదల్లేదు, అమ్మోరినీ వదల్లేదు. అత్తాకోడళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరి దేవుణ్ణి ఒకరు తప్పించుకు తిరిగేవారు. నాకు ఆటలమ్మ పొయ్యకపోతే రోజులు అలాగే దొర్లిపోయేవి.

పొక్కులు నావి, గొడవ వాళ్ళది. అమ్మ నా పక్కలో వేపాకు పరిచి, దురదకు ఆకు వేస్తే తప్పేమిటని తనకు తానే పదేపదే చెప్పుకుంది. నేను లేచి తిరిగాక అవ్వ అసలు సంగతి బయటపెట్టింది. పిల్ల తేరుకుంటే అమ్మోరికి పసుపునీళ్ళ కుండ తెస్తానని మొక్కుకుందట. ఆ కుండ ఇంటి ఆడమనిషి నెత్తి మీదే పోవాలి. అవ్వ కాలికేమో చెరకు కత్తి దిగి కట్టు ఉంది.

"మొక్కు నాది. నువ్వు మొయ్యి చాలు, అమ్మీ," అంది.

అమ్మ తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. మొక్కు తీరకపోతే పిల్లకు ఏమవుతుందోనని అవ్వ అన్నం మానేసింది. బెదిరింపు కాదు, నిజంగానే భయపడింది. అదే అమ్మను నలిపేసింది. మోస్తే దేవుడికి ద్రోహం, మొయ్యకపోతే ఈ ముసలిదానికి.

మర్నాడు పొద్దున్నే అమ్మ మెడలో సిలువను రవిక బయటికి వేసుకుని కుండ ఎత్తుకుంది. చెరకు తోటల మధ్య డప్పు వెనకాల, మొక్కులున్న ఊరి ఆడవాళ్ళతో కలిసి నడిచాం; అవ్వ కుంటుతూనే వచ్చింది. అమ్మోరి రాయి దగ్గర ఆడవాళ్ళంతా వంగారు. అమ్మ కుండ దించి అవ్వ చేతిలో పెట్టి నిటారుగా నిలబడింది. జనం గొణిగారు. అవ్వ ఎవరినీ పట్టించుకోకుండా, కుండ రాయి ముందు పెట్టి, కోడలి చెయ్యి ఊతంగా పట్టుకుని తనొక్కతే వంగింది.

మొక్కలేదు కాబట్టి పాపం లేదన్నాడు ఫాదర్. కానీ ఇంకెప్పుడూ మొయ్యొద్దన్నాడు. అమ్మకు ఆ 'కానీ' చాలు. ఏళ్ళ తరబడి ఆ కుండ ఆమె నెత్తి మీంచి దిగలేదు. చెరకు కోస్తూ కోస్తూ ఆగి, ఆ రోజు తను కాస్తయినా వంగిందా అని నన్ను అడిగేది. లేదమ్మా అని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేది.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు అవ్వ మంచం పట్టింది. వీధిలో కొత్త జెండాలు ఎగురుతుంటే లోపల అమ్మ ఆమెకు గంజి పడుతోంది. అవ్వ గిన్నె పక్కకు తోసి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీ బొందియే అక్కడ కనిపిస్తే నేను చెప్తానే, అమ్మీ. నాకోసం మోసింది గానీ మొక్కనేదు అని."

అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వను సాగనంపిన తర్వాతి ఆదివారం, అందరికంటే ముందే చర్చికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. జ్ఞానస్నానం లేని మనిషి సాక్ష్యం పైన దేవుడి దగ్గర చెల్లుతుందా అని ఫాదర్‌ని అడగాలట.