పై అంతస్తులో మెట్లు లేని తలుపు

మా చిన్నప్పుడు... అంటే నాకు పదేళ్ళప్పుడు, కెనడాలోని ఒంటారియోలో ఒక పాత ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. సంత కోసమని మధ్యలో చదరంగా చోటు వదిలి, చుట్టూ వీధులు గీసి కట్టిన ఊరు. ఆ సంత మూలన ఉన్న రాతి ఇల్లు మాది. హెరిటేజ్ ఇల్లు... కిటికీ రంగు మార్చాలన్నా సిటీ వాళ్ళ పర్మిషన్ కావాలి.

పై అంతస్తులో ఒక తలుపుండేది. తీస్తే బాల్కనీ లేదు, మెట్లు లేవు... కింద రాళ్ళు. బాల్కనీ ఎప్పుడో కూలిపోయిందట. తలుపు మాత్రం పీకేయకూడదని రూలు. గడియ పెట్టి వదిలేశారు.

గాలి లేని మధ్యాహ్నాల్లో కూడా ఆ గడియ టక్ టక్‌మని కదిలేది. పాత చెక్క అంతే అనేవారు నాన్న. నాకు మాత్రం బయట ఎవరో తడుతున్నట్టే ఉండేది...

అవి కాలేజీలకి మన పిల్లలు తెగ వచ్చేస్తున్న రోజులు. రూములు దొరక్క బేస్‌మెంట్లలో ఆరుగురేసి సర్దుకునేవారు. అమ్మ జాలిపడి, కరీంనగర్ నుంచి వస్తున్న స్వప్నక్కకి ఆ తలుపున్న పైగది ఇస్తానంది.

శుక్రవారం పూట అమ్మ వీధి గడపకీ, వంటింటి గడపకీ పసుపు రాసి బొట్లు పెట్టేది. ఆ వారం మిగిలిన పసుపు నేను పట్టుకెళ్ళి, ఎవరికీ చెప్పకుండా ఆ పై తలుపు గడపకి రాశాను. బయటున్నదేదో లోపలికి రాకుండా ఉంటుందని...

మర్నాడు సాయంత్రం అక్క దిగింది. అలిసిపోయి వచ్చిన పిల్లకి ఆ తలుపు సంగతి పొద్దున చెబుదాంలే అనుకున్నారు నాన్న.

పొద్దున లేచేసరికి మంచు. అక్క చూడటం అదే మొదటిసారి. టిఫిన్‌కి పిలుద్దామని నేను మెట్లెక్కేసరికి ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క ఒక కాలు గాల్లో... ఒళ్ళంతా బయటికి వాలి ఉంది. కానీ పడట్లేదు. ఆమె హుడీ టోపీ, ఎవరో గుప్పిట పట్టి లాగుతున్నట్టు బిర్రుగా వెనక్కి సాగి ఉంది. వెనక ఎవరూ లేరు.

మరుక్షణం అక్క గదిలోకి వెల్లకిలా వచ్చి పడింది. నేను పరుగెత్తి తలుపు మూశాను. అక్క లేచి నన్ను కావలించుకుంది.

"పసుపు రాసిన గడప గదా చెల్లె, మనోళ్లు నడిచే తొవ్వనే అనుకున్న... నువ్వు గుంజకుంటే సచ్చిపోతుంటి."

నేను అవుననలేదు, కాదనలేదు. హడావుడిలో తనే రాసేసిందేమోనని అమ్మ చాలా రోజులు కుమిలిపోయింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను... తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కకి ఇక్కడే ఉండిపోయేలా పీఆర్ వచ్చింది, పెళ్ళయింది, మిల్టన్‌లో టౌన్‌హౌస్ కొనుక్కుంది. నా ప్రతి పుట్టినరోజుకీ డ్రెస్ పంపుతుంది, ప్రాణం పోసిన చెల్లివి అంటూ. మేమూ కొత్తింటికి మారిపోయాం. ఇప్పటి ఇళ్ళలో గడపలే లేవు, ఇంక పసుపు రాసేదెక్కడ... ఆ రాతింట్లో ఇప్పుడెవరుంటున్నారో.

చిన్నప్పుడు చేసి, పెద్దయ్యాక కూడా చెప్పుకోలేకపోయింది మీకూ ఏదైనా ఉంటే కింద రాయండి. నాది నేను రాసేస్తున్నాను...

స్వప్నక్కా, ఆ పసుపు రాసింది నేనే. నిన్ను పట్టుకున్నది మాత్రం నేను కాదు.