చలి వదిలిన గ్లాసు

నీళ్ళాయన ఉద్యోగం నీళ్ళు తాగడం. చెబితే నవ్వుతారు గానీ నిజం అదే. ఊరికి మంచినీళ్ళు సరఫరా చేసే ఆఫీసులో, వెనకవైపు గదిలో, పొద్దున్నే ఒక్కో ట్యాంకు నుంచి వచ్చిన సీసా మూత తీసి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి సింకులో ఊసేస్తాడు. మట్టి వాసనా, తుప్పు రుచా, క్లోరిన్ మందు ఎక్కువైందా అన్నది చెప్పి సంతకం పెడతాడు. పక్కనే మిషన్లున్నాయి. అవి చెప్పాల్సింది అవీ చెబుతాయి. జనం ఆ నీళ్ళు తాగి తిట్టుకుంటారా లేదా అన్నది మాత్రం నోటికే తెలియాలి.

ఆ నోటితో కాపురం చేయడం ఆయన భార్యకు మొదట్లో పెద్ద శిక్ష. "మా ఆయన్ని కూర ఎలా ఉందని అడగను. అడిగితే చెప్పేస్తారు," అంటుంది ఆవిడ ఎదురింటావిడతో. ఆయనకు అబద్ధమాడటం రాక కాదు. రుచి విషయంలో ఒకసారి మొహమాటపడితే మర్నాడు నీళ్ళ విషయంలోనూ పడతానేమోనని భయం. మిగతా విషయాల్లో నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళైన కొత్తలో ఆవిడ, ఈయనకు మాటలు వచ్చా రావా అని పుట్టింటివాళ్ళను గుచ్చి గుచ్చి అడిగిందట.

ఆ నాలుక సంగతి తెలిసే, ఇళ్ళ వెనక షెడ్లలో సొంతంగా బీరు కాచుకునేవాళ్ళ సంఘం ఆయన్ని పోటీలకు జడ్జిగా పిలవడం మొదలుపెట్టింది. తాగుడు అలవాటు లేని మనిషి కాబట్టి ఇంట్లోనూ అడ్డు చెప్పలేదు. ఆయనకో సొంత పద్ధతి ఉంది. రెండు మూడు గుక్కలు తాగుతాడు, మిగిలింది బకెట్లో పోస్తాడు. ఎంత గొప్ప బీరైనా సరే, ఆయన గ్లాసు అడుగు ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. తోటి జడ్జిగా వచ్చే హోటల్ మేనేజరు ఒకసారి, "సార్‌కి నచ్చిందో లేదో తెలుసుకోవాలంటే బకెట్‌ని అడగాలి," అన్నాడు.

ఆయనకో చెల్లెలుంది. మందుల షాపులో పనిచేస్తుంది. పొట్లాలు కట్టి కట్టి కొలతల మీద మంచి పట్టున్న చేయి. కొన్నేళ్ళ కిందట ఆమె కూడా సరదా పడి తొలిసారి బీరు కాచి సంఘం వాళ్ళ ముందుకు తెచ్చింది. "అన్నయ్యా, ముందు నువ్వే చెప్పు," అని మురిసిపోతూ గ్లాసు చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, పెదవి విరిచి, "కుడితి," అన్నాడు. అని ఊరుకోకుండా, మిగిలిందంతా అందరూ చూస్తుండగా సింకులో పారబోశాడు.

బీరు పులిసి నిజంగానే కుడితిలా ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ నలుగురిలో ఆ మాట అనడానికి సొంత అన్నయ్యే కావాలా, ఎవరైనా అనగలరు కదా. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఇంటికొస్తే ఆమె వదినతో మాట్లాడి వెళ్ళిపోయేది. ఫోను ఆయన ఎత్తితే పెట్టేసేది. బాగాలేనిదాన్ని బాగాలేదనడం నేరమా అని ఆయన మొదట్లో వాదించాడు. "నేరం కాదు. పక్కకు పిలిచి చెవిలో చెబితే సరిపోయేది," అంది భార్య. ఆయన తర్వాత వాదించడం మానేశాడు గానీ, చెల్లెలి గడప తొక్కడానికి కాళ్ళు రాలేదు. మనిషి ఎంత తెలివైనవాడైనా ఇలాంటిచోట మొద్దులా నిలబడిపోతాడు, ఏం చేస్తాం.

ఈసారి పోటీ చలికాలపు బీరుకు, అదీ బెల్జియం పద్ధతిలో కాచినదానికి. ఏడాదికి ఒక్కసారే, చలి మొదలవుతుంటే కాచే ముదురు రంగు బీరు అది. పులియడానికి అందులో వేసే ఈస్టే మాగిన అరటిపండు వాసననూ లవంగం ఘాటునూ పుట్టిస్తుంది. కొందరు నారింజ తొక్క, ధనియాలు కూడా వేస్తారు. దీన్ని మామూలు బీరులా మంచులో పెడితే ముడుచుకుపోయి ఏమీ చెప్పదు. ఆ సంగతి తెలియక, కుర్చీలూ బల్లలూ వేయడానికి వచ్చినవాళ్ళు అన్ని సీసాలనూ తెల్లవారుజామునే ఐసు పెట్టెలో కుక్కేశారు.

పోటీ ఒక ప్రింటింగ్ ప్రెస్ మీది అంతస్తులో. కింద మిషన్లు ఆడుతుంటే పైన బల్ల మీద గ్లాసులు సన్నగా వణుకుతున్నాయి. లోపలి గదిలో ముగ్గురు జడ్జీలు: నీళ్ళాయన, ఆ హోటల్ మేనేజరు, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరరమ్మ. బీరు కాచినవాళ్ళంతా బయట వరండాలో బెంచీల మీద. గ్లాసుల మీద అంకెలే ఉంటాయి, పేర్లుండవు. ఒకవేళ ఏదైనా బీరు ఎవరిదో జడ్జికి తెలిసిపోతే, నోరు మూసుకుని లేచి బయటికి వెళ్ళిపోవాలి. మిగిలినవాళ్ళే తేలుస్తారు. అదీ అక్కడి నియమం.

నాలుగో గ్లాసు వచ్చింది. నీళ్ళాయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చలి తప్ప ఏమీ లేదు. ఒక గుక్క తాగాడు. అప్పుడూ ఏమీ లేదు. మింగాక, ముక్కు వెనకనుంచి మెల్లగా, ఒక రేకు డబ్బా మూత తీసిన వాసన వచ్చింది.

అది అమ్మ డబ్బా. ధనియాలను మాడీ మాడకుండా, ఇంకొక్క క్షణం ఉంచితే పాడైపోయే దాకా వేయించి, వేడి చల్లారకముందే ఎండిన నారింజ తొక్కలు కలిపి మూత బిగించేది అమ్మ. చలికాలంలో దగ్గు వస్తే దాంట్లోంచే కషాయం. ధనియాలు అందరూ వేయిస్తారు, తొక్కలు అందరూ ఎండబెడతారు. వేడి మీద ఆ రెండింటినీ ఒక డబ్బాలో మగ్గబెట్టే ఇల్లు మాత్రం ఆయన ఎరిగినంతలో అదొక్కటే. ఆ కషాయం తాగిన పిల్లలూ ఇద్దరే.

ఆయన గ్లాసును మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇది తేలిపోయింది సార్," అన్నాడు మేనేజరు. "రంగు బాగుంది, లోపల సరుకు లేదు. పక్కన పెట్టేద్దాం."

"నాక్కూడా ఏం అందట్లేదు," అంది లెక్చరరమ్మ.

ఆయన లేచి వెళ్ళిపోవాలి. ఇప్పుడే లేస్తే ఆ బీరు ఇక్కడే, నోరు విప్పకముందే, బకెట్లోకి పోతుంది. ఒకసారి పారబోసింది తను. ఇప్పుడు పారబోస్తుంటే చూస్తూ పోయేదీ తనే అవుతాడు. పోనీ లేవకుండా కూర్చుని మార్కులు వేస్తే? గెలిచినా అది అన్నయ్య దయ అవుతుంది. ఆ దయను చెల్లెలు నిమిషం ఉంచుకోదు. వీటన్నిటికంటే ఆయన్ని కుదిపింది ఇంకొకటి. ఈ బీరు బాగుందా లేదా అన్నది తనకు తెలియడం లేదు. బాగుందనిపిస్తున్నది బీరా, అమ్మా? ఊరందరి నీళ్ళకూ సంతకం పెట్టే నాలుక ఈ ఒక్క గుక్క దగ్గర చేతులెత్తేసింది. ఆ నియమం ఎందుకు పెట్టారో ఆయనకు ఆ పూటే అర్థమైంది.

గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మా ఆఫీసుకి ఒక ముసలావిడ వచ్చింది ఒకసారి," అని మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఈయన కథ చెప్పడం వాళ్ళెప్పుడూ వినలేదు. "వాళ్ళ వీధి నీళ్ళు వాసనొస్తున్నాయంది. ఫ్రిజ్‌లోంచి ఆ వీధి నీళ్ళ సీసా తీసి నేనే తాగి చూశాను. బ్రహ్మాండంగా ఉన్నాయి. ఏం లేదు, ఇంటికెళ్ళమ్మా అన్నాను. సాయంత్రానికి బకెట్టు మోయించుకుని మళ్ళీ వచ్చింది. స్నానానికి కాచిన నీళ్ళు. నా బల్ల మీద పెట్టించి, బాబూ, ఇప్పుడు తల వంచు అంది. వంచాను. గదంతా చెరువు వాసన. ఆవిడ పోతూ పోతూ, మంచులా చల్లగా ఉన్నదాంట్లో నీకేం తెలుస్తుంది నాయనా అని నా నెత్తి మీద చెయ్యేసి మరీ వెళ్ళింది."

లెక్చరరమ్మ నవ్వింది. నవ్వుతూనే తన గ్లాసును రెండు అరచేతుల మధ్యకు తీసుకుంది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నీళ్ళాయన ఆగలేదు. ఆ వీధి పైపు ఎక్కడ పగిలిందో, దాన్ని వెతకడానికి ఎన్ని గుంతలు తవ్వారో, ఆ గుంతలో తన చెప్పు ఎలా పోయిందో అన్నీ ఏకరువు పెట్టాడు. ఆయన భార్య చూసి ఉంటే డాక్టరుకి ఫోను చేసేది. చెప్పు కథ అయ్యేసరికి గ్లాసుల మీద చెమట ఆరిపోయింది.

"అన్నీ మళ్ళీ మొదటినుంచి తాగండి. ఈ ఒక్కటే కాదు, అన్నీ," అని లేచాడు. "వీటిల్లో ఒకటి ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఏదో అడక్కండి. తెలిశాకే ఇంతసేపు మాట్లాడాను. అది తప్పనిపిస్తే వచ్చే ఏడు నన్ను పిలవకండి."

వరండాలోకి రాగానే బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. జడ్జి మధ్యలో బయటికి రావడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. చివరి బెంచీలో సీసా తుడుస్తున్న చెల్లెలి చేయి ఆగింది. ఆయన వెళ్ళి ఆ బెంచీకే ఇంకో చివర కూర్చున్నాడు.

ఆమె, నేల వైపే చూస్తూ, "డబ్బానా?" అంది.

"లోపల ఇంకా తేలలేదు. నేను మాట్లాడకూడదు."

"నువ్వు మాట్లాడకపోవడం నాకు కొత్తా?"

కింద ప్రెస్సు ఆగి, మళ్ళీ మొదలైంది.

చివరికి మేనేజరు బయటికొచ్చి ఫలితం చదివాడు. మొదటి బహుమతి ఎవరో సైకిలు షాపతనికి. రెండోది ఆమెకు. "దీన్ని ముందు పక్కన పెట్టేద్దామనుకున్నాం. చలి వదిలాక గానీ నోరు విప్పలేదు," అన్నాడు. ఆమె అన్నయ్య వైపు తిరిగింది. ఆయన పిట్టగోడ మీంచి వీధిలోకి చూస్తున్నాడు, అక్కడేదో పెద్ద పని ఉన్నట్టు.

ఆమె సంచిలోంచి ఐసు తగలని సీసా తీసి, గ్లాసు నిండా పోసి, ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఆ రోజు సింకు దగ్గరున్నవాళ్ళలో సగం మంది ఇవాళా ఉన్నారు.

"ఇప్పుడు నువ్వు జడ్జివి కాదు. తాగి చెప్పు."

ఆయన ఒక గుక్క తాగాడు. మేనేజరు అలవాటుగా గుమ్మం దగ్గరున్న బకెట్టు కాలితో ఇటు జరిపాడు. ఆయన బకెట్టు వైపు చూడలేదు. తాపీగా, మధ్యమధ్య ఆగుతూ, గ్లాసంతా తాగాడు. ఖాళీ గ్లాసును అందరికీ కనబడేలా బెంచీ మీద బోర్లించాడు. కళ్ళు తుడుచుకుంటే ఘాటుకేననుకుంటారని ఆయన ధైర్యం.

తర్వాత వంగి, ఇంకెవరికీ వినపడకుండా చెల్లెలి చెవిలో, "ధనియాలు ఒక్క రవ్వ మాడాయి," అన్నాడు.

"తెలుసు," అంది ఆమె. "వచ్చే చలికాలం పెనం దగ్గర నువ్వు నిలబడు."