మంచినీళ్ళ కుండకు కాపలా

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంచినీళ్ళ కుండకు కాపలా ఉండేది. ఆ కాపలా నాదే. బన్సీలాల్‌పేటలో రెండు గదుల ఇల్లు మాది. నాకు ఎనిమిదేళ్ళు. ముందు గదిలో మంచం మీద నానమ్మ, ఆమెకు అందనంత దూరంలో కుండ, మధ్యలో పీట మీద నేను.

నానమ్మకు రొమ్ములో వచ్చిన క్యాన్సర్ ఊపిరితిత్తుల దాకా పాకింది. వాటి చుట్టూ నీరు చేరి ఆయాసపడేది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఆసుపత్రిలో వీపులోకి సూది గుచ్చి ఆ నీరు తీస్తే నాలుగు రోజులు తెరిపిగా ఉండేది. తర్వాత మళ్ళీ మామూలే. చుట్టాలందరూ కూర్చుని ఆలోచించి, తాగిన నీళ్ళే అక్కడికి చేరుతున్నాయని తేల్చారు. డాక్టర్ని అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. పూటకు అర గ్లాసు చాలన్నారు. మజ్జిగ, చారు కూడా మాన్పించారు. పెద్దవాళ్ళు పనుల మీద పోతారు కనుక కుండను నాకు అప్పగించారు.

ఆ పని నేను శ్రద్ధగా చేశాను. మెచ్చుకుంటున్న కొద్దీ ఇంకా శ్రద్ధగా చేశాను. "జెర గొంతు తడుపు బిడ్డా" అని నానమ్మ అడిగేది. "నీకు మంచిది గాదంట నానమ్మా" అని మా నాన్న చెప్పినట్టే చెప్పేదాన్ని. ఆమె పెదవులు పగిలిపోయాయి. నాలుక అంటుకుపోయి మాట ముద్దగా వచ్చేది. అయినా నేను పీట మీంచి లేవలేదు.

పక్కింటి అక్క అదే ఆసుపత్రిలో నర్సు. ఓ మధ్యాహ్నం నానమ్మకు నీరు తీయించి రిక్షాలో ఇంటికి తీసుకొచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి, ఆమె పెదవులు చూసి, ఏమైందని నన్ను అడిగింది. నా కాపలా సంగతి చెప్పాను, కొంచెం గొప్పగానే. అక్క కోప్పడలేదు.

"నీళ్ళు బంద్ పెట్టి ఎన్ని రోజులైంది?"

"పది."

"అప్పుడు ఒక సీసా తీసిన్రు. ఇయ్యాల సుత గంతే తీసిన్రు. నీళ్ళు తాగకపాయె, మరి సీసా ఎట్ల నిండింది?"

నేను కుండ వైపు చూశాను. "అది జబ్బుతోని ఊరే నీరు. నోట్ల పోసింది గాడికి పోదు. ఏం తినాలె, ఏం తాగాలె అని ఇయ్యాల డాక్టర్ని అడిగిన, ఈమెకు నీళ్ళు ఆపుమనలే" అని అక్క, తను ముంచి ఇవ్వకుండా గ్లాసు నా చేతిలో పెట్టింది.

నానమ్మ మూడు గ్లాసులు తాగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత బతికిన నెలన్నరా, గ్లాసు అందుకోగానే ఒకసారి నా ముఖంలోకి చూసి, అప్పుడు తాగేది.

ఇప్పుడు మా ఆయనకు అదే అవస్థ. సైనిక్‌పురిలో ఉంటున్నాం. ఈ రోజుల్లో మాటిమాటికీ సూది గుచ్చే పని లేదు. ఛాతీలో సన్నని గొట్టం అమర్చి ఇంటికి పంపారు. రోజు విడిచి రోజు నర్సు వచ్చి నీరు మెల్లగా సీసాలోకి దించుతుంది, దగ్గు మొదలైతే ఆపేస్తుంది. చూడవచ్చిన మా ఆడపడుచు మొన్న ఆయన పక్కనున్న మంచినీళ్ళను అవతలికి జరిపింది. నేను మళ్ళీ ఇవతల పెట్టాను. నీళ్ళ సంగతి డాక్టర్ని మొదటి రోజే అడిగాను, తాగనివ్వమన్నాడు.

ఆయన గ్లాసు అందుకునేటప్పుడు మాత్రం నేను కిటికీ వైపు తిరుగుతాను. దాహమైన మనిషికి నా ముఖం చూడాల్సిన పని ఉండకూడదు.