సూపర్‌వైజర్ గారు వేసిన ముడి

"అక్కా, కుంటి సార్ పోయాడంట. విన్నావా?"

జనవరి మొదటి వారంలో ఒక ఉదయం, మా ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన నర్సమ్మాయి ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. ఏ కుంటి సార్ అని నేను అడగలేదు. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆయన్ని రెండు కాళ్ళ మీద నడుస్తుండగా చూసి ఎరగదు. నేను చూశాను. ఆ రెండో కాలు ఎలా పోయిందో నాకు తెలుసు. అందులో నా వంతు ఎంతో కూడా తెలుసు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆయన మంచి రాయాలంటే నా చెడ్డ రాయక తప్పదు.

ఆయన మా హెల్త్ సూపర్‌వైజర్. తొంభైల చివర్లో నేను నర్సుగా చేరినప్పుడు ఆయనకి యాభై దగ్గర పడుతున్నాయి. నల్లటి మనిషి, పెద్ద గొంతు, ఎవరితోనైనా విసుగ్గానే మాట్లాడేవాడు. మా కాపురం మండల కేంద్రంలో. నా సబ్ సెంటర్ అక్కడికి ఇరవై కిలోమీటర్ల అవతల, మార్టూరు వైపు పల్లెలో. పోలియో చుక్కల ఆదివారాలన్నీ డిసెంబర్, జనవరి నెలల్లోనే పడేవి. తెల్లవారుజామున మందు సీసాలు ఐసు ముక్కల మధ్య పేర్చిన పెట్టె తీసుకుని బయల్దేరాలి. ఆ వేళకి బస్సు లేదు. ఆయన మోటార్ సైకిల్ మీద వెనక కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను వెళ్ళేదాన్ని.

మన వైపు చలేమిటని నవ్వేవాళ్ళు ఒక్కసారి డిసెంబర్ పొద్దున పత్తిచేల మధ్య బండెక్కి చూడాలి. మంచు ముఖానికి సూదుల్లా తగులుతుంది. కళ్ళల్లో నీళ్ళు కారి చెంపల మీదే చల్లబడతాయి. ఒళ్ళో ఐసు పెట్టె, ఎదురుగా గాలి. మొదటిసారి వెళ్ళినరోజు దిగేసరికి నా కాళ్ళు నావి కావు.

"చీర మీద ఆ నైలాన్ స్వెట్టర్ ఏందమ్మాయ్? దాంట్లోంచి గాలి ఈలేసుకుంటా పోద్ది," అన్నాడు ఆయన.

రెండోసారి నాకోసం పాత వార్తాపత్రికలు తెచ్చాడు. స్వెట్టర్ లోపల ముందు రెండు మడతలు, వెనక ఒకటి పెట్టుకోమన్నాడు. చేతులకి పాత మేజోళ్ళు, వాటి మీద రొట్టె కవర్లు, మణికట్టు దగ్గర రబ్బర్ బ్యాండు. పాదాలకీ అంతే. "చలి మెడలోంచి దూరుద్ది, గుర్తుపెట్టుకో. మెడ మూస్తే ఒళ్ళంతా మూసినట్టే," అని తువ్వాలు ఎలా చుట్టుకోవాలో తన మెడకి చుట్టుకుని చూపించాడు. ఒకరోజు తలంటుకుని తడి జుట్టుతో వస్తే బండి స్టాండ్ వేసి దిగిపోయాడు. "ఆరబెట్టుకుని రా. నువ్వు మంచాన పడితే నీ సెంటర్ పని కూడా నా నెత్తినే." నిలబెట్టి జుట్టు ఆరేదాకా కదలనివ్వలేదు. ఆయన ప్రేమ చూపించే పద్ధతి అదేనని నాకు చాలా రోజులకి గాని అర్థం కాలేదు.

దారి మధ్యలో కాలవ వంతెన పక్కన ఒక టీ బడ్డీ ఉండేది. అక్కడ బండి ఆపి, ఇంజను వేడికి చేతులు కాచుకోమనేవాడు. "ఆనించకు, చూపించు. కొంకర్లు పోయిన చెయ్యికి కాలేది కూడా తెలవదు." అప్పటికి నాకు పెళ్ళై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. నాకు చలేస్తోందా అని పట్టించుకున్న మొదటి మనిషి ఆయనే అంటే అతిశయోక్తి కాదు.

ఆ బడ్డీ దగ్గరే జరిగింది. ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే వంతెన కనపడలేదు. నా మెడకి చుట్టిన తువ్వాలు ఊడిపోయింది. కట్టుకుందామంటే వేళ్ళు వంగవు. రెండుసార్లు జారవిడిచాను. ఆయన విసుక్కుంటూ టీ గ్లాసు కింద పెట్టి, తువ్వాలు లాక్కుని, నా మెడ వెనక ముడి వేశాడు. గట్టిగా, గోనె సంచి మూతి కట్టినట్టు. మళ్ళీ గ్లాసు తీసుకున్నాడు. అంతే. ఆ సంగతి అప్పుడే మర్చిపోయాను కూడా.

బడ్డీ దగ్గర టీ తాగుతున్న మనిషొకడు మర్చిపోలేదు. వాడిది మా అత్తగారి ఊరు. వారం తిరక్కముందే మండలమంతా ఒకటే మాట. సూపర్‌వైజర్ నర్సమ్మ మెడలో తువ్వాలు కట్టాడో, తాళే కట్టాడో! సబ్ సెంటర్ గోడ మీద బొగ్గుతో రాశారు. మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, "నేను కట్టింది సరిపోలేదా నీకు?" అన్నాడు. మా అత్తగారు వింటూనే ఉంది.

తర్వాత మా ఆరోగ్య కేంద్రం డాక్టర్ గారికి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, తలుపు తెరిచే ఉంచి అడిగాడు. బయట సిబ్బందంతా చెవులు ఇటే పెట్టారు.

"చలికి ఆ అమ్మాయి చేతులు పనిచెయ్యలేదండి. ముడేశాను," అన్నాడు సూపర్‌వైజర్ గారు. దాచుకునే సంగతి కాదన్నట్టు మామూలుగా చెప్పాడు.

డాక్టర్ గారు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. కట్టమని నువ్వు అడిగావా?"

సూపర్‌వైజర్ గారు నా వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. నేను సరిగ్గా చెప్తానన్న నమ్మకమే ఉంది. ఇంట్లో మా ఆయన మొహం, గోడ మీది బొగ్గు రాతలు నాకు కనపడుతున్నాయి.

"నేను అడగలేదండి," అన్నాను.

అబద్ధం కాదు. నిజంగానే నేను అడగలేదు. కానీ ఆ గదిలో ఆ మాటకి ఒకటే అర్థం. బయట ఎవరో "చూశావా" అనడం వినపడింది. ఆయనకి మెమో ఇచ్చారు. ఇక మీదట ఆడ సిబ్బందిని బండెక్కించుకోకూడదని, పెట్టె ఒక్కడే తీసుకెళ్ళాలని అందులో రాశారు. నాకు చుక్కల ఆదివారానికి ముందురోజు సాయంత్రం బస్సులో వెళ్ళి ఊళ్ళోనే ఉండే ఏర్పాటు చేశారు. ఊరు శాంతించింది. మా ఆయన కూడా.

తర్వాతి చుక్కల ఆదివారం నేను పల్లె బడిలో కూర్చుని ఉన్నాను. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడ్డారు. పెట్టె రాలేదు. ఎనిమిదింటికి ఒక రైతు సైకిల్ మీద తెచ్చాడు. మూత మీద నెత్తురు మరక.

"మంచులో రాయి లోడు లారీ ఆగుంది. వెనక లైటు లేదు. కొట్టుకున్నాడు. ఇది మాత్రం ఇచ్చి రమ్మన్నాడు," అన్నాడు ఆ రైతు.

వెనక పట్టుకునే మనిషి లేక, గతుకుల్లో సీసాలు పగులుతాయని, ఆయన పెట్టెని ట్యాంకు మీద పెట్టుకుని పొట్టకి ఆనించుకుని నడిపాడు. దారంతా ఐసు ఆయన పొట్టకి, చేతులకి తగులుతూనే ఉంది. లారీ కనపడిందట. బ్రేకు నొక్కుదామంటే వేళ్ళు రాలేదట.

నేను మరక తుడిచాను. మూత తీస్తే లోపల ఐసు ఇంకా కరగలేదు. మధ్యాహ్నం దాకా చుక్కలు వేశాను. ఒక్క పిల్ల కూడా మిగల్లేదు.

గుంటూరు ఆసుపత్రిలో కాలు మోకాలి కింద తీసేశారు. చూడ్డానికి వెళ్తే వరండాలో ఆయన భార్య ఎదురైంది. "ఆ పెట్టె నీ ఒళ్ళో ఉంటే ఆయన చేతులు చేతుల్లా ఉండేయి," అంది. గొంతు పెంచలేదు. లోపల ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"ఎందుకొచ్చావమ్మాయ్? ఇక్కడ కూడా ఎవడో ఒకడు చూస్తాడు. నీకే మాట. ఎల్లు."

నన్ను కాపాడడానికి అన్నాడో, నరకడానికి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను. అదే ఆఖరిసారి ఆయన నన్ను అమ్మాయ్ అన్నది. నాలుగు నెలల తర్వాత కర్రతో వచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. "రిజిస్టర్ తెచ్చారాండీ నర్సు గారూ?" అన్నాడు. రిటైర్ అయ్యేదాకా ఆ 'అండీ' వదల్లేదు. నా తప్పులు దిద్దాడు, కొత్త మందులు వస్తే ఓపిగ్గా వివరించాడు, సెలవు అడిగితే ఇచ్చాడు. ఏ రోజూ గొంతు ఎత్తలేదు. మిగతా నర్సుల మీద మాత్రం మునుపటిలాగే అరిచేవాడు. అందులో ఒక్క అరుపు నా మీద పడితే చాలని ఎన్నోసార్లు అనుకున్నాను. యాక్సిడెంటు మీద వివరణ అడిగితే ఆయన రాసింది ఒక్క వాక్యమే: "పెట్టె పట్టుకొనుటకు మనిషి లేరు." ఎందుకు లేరో రాయలేదు.

ఆయన పోయిన పదకొండో రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయన భార్య ఇంటి వెనక మిరపకాయలు ఆరబోసిన కళ్ళం దగ్గర ఉందన్నారు. వెళ్ళి నిలబడి, "అమ్మా, ఆ రోజు డాక్టర్ గారి గదిలో నేను..." అన్నాను.

"తెలుసు. అడగలేదన్నావంట. నిజమే గదా?" అంది. కొంగు నడుముకి దోపుకుంటూ, "అబద్ధమాడినా ఇంత మంట ఉండేది కాదన్నాడు ఒకసారి," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు.

"నువ్వు చెప్పుకోవాల్సిన మనిషి పోయాడు. నా దగ్గర దించుకోబాక. రాత్రి మంచుకి కాయలు మెత్తబడ్డయి, తిరగెయ్యాలి నేను."

చెప్పులు గట్టు మీద విడిచి ఎర్రటి కాయల్లోకి దిగింది. పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తుంటే ఆమె వెనక ఒక చాలు తెరుచుకుంటూ పోయింది, తడి వైపు పైకి తేలుతూ. ఘాటుకి దగ్గు వచ్చినా ఆగలేదు. ఆ చివరికి వెళ్ళి, ఇటు తిరిగి, నా వైపు చూడకుండా పక్కనే ఇంకో చాలు మొదలుపెట్టింది.