ఒక్క వేలి కోసం

వరంగల్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న నలభై ఏళ్లాయన ల్యాప్‌టాప్‌లో ఏవో పేర్ల వరుసలు సరిచూసుకుంటున్నాడు. ఏం పనని అడిగాను.

"పైథాన్ స్టబ్ ఫైళ్లన్నా, కోడ్ రాసెటోళ్లకు పేర్ల పట్టీ అసొంటియి. ఒక కంప్యూటర్ గేముల ఉన్న కోడ్ ఫంక్షన్ల పేర్లన్నీ నా ప్రోగ్రామే గుంజి ఈ ఫైళ్ల రాస్తది. ఇగ ఒక్క అక్షరం కొడితే చాలు, మిగతా పేరు అదే వస్తది," అంటూ ఒక మీట నొక్కి చూపించాడు.

అవి తన దోస్తు కోసమట. అతను కోడ్ రాసి ఆ గేముకు కొత్త బండ్లు, కొత్త ఊళ్లు తయారుచేసేవాడు. నరాల జబ్బుతో చేతులు పడిపోయి చివరికి కదిలేది ఒక్క వేలే మిగిలింది. ఆ వేలికి శ్రమ తగ్గించాలని ఈయన ఈ పని ఎత్తుకున్నాడు. గేముకు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా పేర్లు మారిపోయి పని మళ్లీ మొదటికొచ్చేది.

"ఇప్పుడు ఆయనకు సులువైందా?"

"యాడిదన్నా! పోయిన నెల నుంచి ఆ వేలు గూడ లేస్తలేదు."

"మరి ఇంకా ఎందుకు చేస్తున్నారు?"

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఫైలు అయిందా అని రోజూ అడుగుతాండు. ఇగ అక్కర లేదని నేనెట్ల చెప్పాలె?"

నా రైలు వచ్చింది. సంచి తీసుకుని లేచాను. ఆయన అప్పటికే తర్వాతి పేరు దగ్గరున్నాడు.