చెంబెడు నీళ్లు

కృష్ణవేణమ్మ లేచిందంటే ఆ ఇంట్లో బావి గిలకకు విశ్రాంతి ఉండేది కాదు. మోచేతుల దాకా తోముకునేది, మురికి ఇంకా పోలేదేమోనని మళ్లీ చేదేది. వేళ్ల సందులు పగిలి ఎర్రబడినా ఆపేది కాదు. కలిపిన ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. మొక్కులకు లొంగని ఆ జబ్బుకు రాయచోటి నర్సు జీవమ్మ మందు సీసా ఇవ్వలేదు. వారం వారం వచ్చి, తన చేతులకూ ఆమె చేతులకూ చేని మట్టి పూసి, కడుక్కోనివ్వకుండా పక్కనే కూర్చునేది. “భయం కుక్క మాదిరి అక్కా. పరిగెత్తితే తరుముతాది. నిలబడితే దానంతటదే పోతాది” అనేది. మొదట్లో కృష్ణవేణమ్మ వణికేది, ఏడ్చేది, జీవమ్మను తిట్టేది. రానురాను తిట్లు పోయి కబుర్లు మొదలయ్యాయి.

వేరుశనగ పంట చేతికొచ్చి, చెనిక్కాయ చెట్లు పెరికే రోజు ఆమె కూలీలతోపాటు చేలో దిగింది. మట్టి కాయలు ఒలిచి నోట్లో వేసుకుంటుంటే, మొగుడు ఓబులేసు పాత అలవాటుకొద్దీ, చేతులు కడుక్కుంటుందని చెంబెడు నీళ్లతో పరిగెత్తుకొచ్చాడు. కూలీలు పెరకడం ఆపి చూశారు. చూడవచ్చిన జీవమ్మ గట్టు మీది నుంచి ఒక అడుగు ముందుకేసింది. కృష్ణవేణమ్మ మట్టి చేతులతోనే చెంబు అందుకుని, తల పైకెత్తి, నీళ్లన్నీ గటగటా తాగేసింది.

“శానా దప్పిగ్గా ఉండాదయ్యా, ఇంకో చెంబు తీస్కరా!”