వీరవేణి ఎదురుచూసిన రెండు నెలలు

1983లో నేను రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఎనిమిది మంచాలున్న ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా నాన్న కూలికెళ్ళి నన్ను నర్సింగ్ చదివించాడు. ఆ చదువంటే నాకు గర్వం, ఆ గర్వానికి తగ్గ నోరు. డాక్టరుగారికి భయపడని పేషెంట్లు కూడా నాకు భయపడేవారు. ఆ నోరు ఎలా మూతపడిందో చెబుతాను.

వీరవేణిది అంతర్వేది. ఇరవై మూడేళ్ళుంటాయి. భర్త ఏడుకొండలు సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆమె మెడ మీద ఉసిరికాయంత గడ్డ లేస్తే కాకినాడలో ఆపరేషన్ చేసి తీశారు, థైరాయిడ్ కేన్సర్ అన్నారు. థైరాయిడ్ అంటే గొంతు ముందుండే గ్రంథి, ఒంటికి వేడీ చురుకూ ఇచ్చేది అదే. మిగిలిపోయిన కేన్సర్ కణాలను చంపడానికి మద్రాసులో రేడియో అయోడిన్ అనే మందు తాగించాలి. ఆ కణాలు అయోడిన్ కనబడితే ఆబగా పీల్చుకుంటాయి గనక మందు సూటిగా వాటికే తగులుతుంది. కాకపోతే అంతకుముందు కొన్ని వారాలు ఒంట్లోకి వేరే అయోడిన్ పోకూడదు. ముందే కడుపు నిండితే అవి మందును ముట్టవు.

ఈ షరతులన్నీ రాసిన ఇంగ్లీషు ఉత్తరం మా ఆసుపత్రికి వచ్చింది. డాక్టరుగారు సెలవులో ఉన్నారు. నేనే చదివి చెప్పాను. తీసేసిన గ్రంథికి బదులుగా రోజూ వేసుకుంటున్న మాత్రలు ఆపాలి. సముద్రపు చేప, రొయ్య, పీత, ఎండుచేప ముట్టకూడదు.

"మా ఇంట్లో కూరంటే చేపేనండి నర్సమ్మగారూ. నన్నేం తినమంటారండి?"

"ఆనపకాయ లేదా, దొండకాయ లేదా? నాలుగు వారాలు నోరు కట్టుకోలేవా?"

"ఆయ్, అలాగేనండి."

చేపల సంగతి అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషి, తర్వాతి షరతు వినగానే కుర్చీ చెయ్యి పట్టుకుంది. మందు పాలలోకి దిగుతుంది గనక బిడ్డకు పాలు మాన్పించాలి. మద్రాసు నుంచి వచ్చాక కూడా, ఒంట్లోంచి ఆ మందు రేడియేషన్ తగ్గేదాకా కొన్నాళ్ళు దగ్గరికి తియ్యకూడదు. ఆడపిల్ల, పదకొండు నెలలది, పేరు మంగ. ఎదురుగా ఉంటే తల్లీ ఆగలేదు, పిల్లా ఆగదు. అందుకని వీరవేణి తల్లి ఓడలరేవు నుంచి వచ్చి పిల్లను తీసుకుపోయింది.

మూడో రోజు వీరవేణి మా దగ్గరకు వచ్చింది. రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. వెడల్పు గుడ్డతో బిగించి కట్టాను.

"వీధిలో ఎవరి పిల్ల ఏడ్చినా పాలు కారిపోతున్నాయండి. మనసుకైతే సర్దిచెప్పుకోవచ్చు. దీనికేం చెప్పనండి?"

ఒకసారి ఆగలేక మూడు బస్సులు మారి ఓడలరేవు వెళ్ళిందట. తల్లి చూస్తే కేకలేస్తుందని దడి వెనకే నిలబడి, పిల్ల అన్నం తింటూ ఏవేవో ఊసులాడుకుంటుంటే విని తిరిగొచ్చేసింది. "అన్నం తింటోందండి, నాకు వినబడింది" అని నాతో చెప్పింది. ఆ రోజు నేనేమీ కసరలేదు.

మాత్రలు లేకపోయేసరికి ఆమె మొహం ఉబ్బింది, ఎండలో కూడా చలి అనేది, మాట నెమ్మదించింది. అదే సమయంలో రేవులో ఆల్చిప్ప దిగి అరికాలు తెగింది. పది రోజులు నేనే డ్రెస్సింగ్ చేశాను. పుండు శుభ్రంగా మానింది. అంత చక్కగా మానినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొగుడూ పెళ్ళాం మద్రాసు వెళ్ళారు. వెళ్ళిన నాలుగో రోజుకే తిరిగొచ్చేశారు. అసలు మందు ఇచ్చే ముందు చిటికెడు మోతాదుతో పరీక్ష చేస్తారు, మెడ దాన్ని పీల్చుకుంటుందో లేదో చూడడానికి. వీరవేణి మెడ పీల్చుకోలేదు. ఒంట్లో అయోడిన్ నిండుగా ఉందన్నారు. రెండు నెలలు ఆగి, మళ్ళీ మాత్రలు మాని రమ్మన్నారు. పాలు మళ్ళీ అలవాటు కాకూడదని పిల్ల ఓడలరేవులోనే ఉండిపోయింది.

"ఎండుచేప వాసనకి ఆగలేకపోయుంటాదండి" అంది అత్తగారు, మా వరండాలో అందరి ముందూ. ఏడుకొండలు తల దించుకున్నాడు.

"దాని మీద ఒట్టండి, నేను తిన్లేదు" అంది వీరవేణి. దాని మీద అంటే పిల్ల మీద.

నేనేం చేశాను? "బిడ్డ మీద ఒట్టేసేంత రుచి మరిగావా!" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

వారం తర్వాత, రెండోసారి షరతులు కాగితం మీద రాసిద్దామని ఆ ఉత్తరం తీశాను. రెండో పేజీ అడుగున ఒక వరుస ఉంది. అయోడిన్ కలిసిన మందులు లోపలికిగాని, చర్మం మీదగాని వాడరాదు. మొదటిసారి తిండి జాబితా చదివి, చాల్లే అని కాగితం మడిచేశాను. బల్ల మీద టింక్చర్ అయోడిన్ సీసా ఉంది. పది రోజులు ఆమె అరికాలికి నేను పూసింది అదే. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితితొట్లో పడింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. రెండు రోజులు మోశాను. మూడో రోజు అంతర్వేది బస్సెక్కాను.

అత్తగారు వలకు ముళ్ళు వేస్తోంది. "వీరవేణి చేప తినలేదమ్మా. తప్పు నాది. కాలికి నేను రాసిన మందే మెడకు అడ్డం పడింది" అన్నాను. ఇరుగుపొరుగు వినేలాగే అన్నాను, పరువు తీసింది అందరి ముందే గనక. ముసలావిడ చేతిలో దారం ఆగిపోయింది. కోడలి వైపు తిరిగి, "నాకేం తెలుసే, చదువుకున్నావిడ కూడా అదే అంది కదా" అంది.

వీరవేణి నన్ను తిట్టలేదు. "నిజం చెప్పేరు. అంతే చాలండి" అంది. "రెండు నెలలంటే ఎన్ని ఆదివారాలండి?" అని అడిగింది.

రెండోసారి మెడ మందు పీల్చుకుంది. తిరిగొచ్చాక డాక్టర్లు చెప్పినన్ని రోజులూ ఆమె మరో గదిలో ఒక్కతే ఉంది. పిల్లను తెచ్చే రోజున నన్ను కూడా రమ్మని కబురు పెట్టింది.

ఓడలరేవు నుంచి అమ్మమ్మ పిల్లను ఎత్తుకొచ్చి వాకిట్లో దింపింది. వీరవేణి నేల మీద కూర్చుని చేతులు చాపింది. మంగ ఆమెను ఎగాదిగా చూసి, గుక్కపట్టి ఏడుస్తూ అమ్మమ్మ చీర వెనక్కి దూరింది. నేను మొహం తిప్పుకున్నాను.

"ఏడవనియ్యండి నర్సమ్మగారూ" అంది వీరవేణి, చేతులు దించకుండానే. "ఎదురుగా ఏడుస్తోంది. దడి అవతల కాదు."

ఈ కేసు తర్వాత ఏ ఉత్తరాన్నీ ఆఖరి వరుస దాకా రెండుసార్లు చదవకుండా కింద పెట్టలేదు. మందు రాసే ముందు మనిషిని అడగడం అలవాటైంది. పేషెంటు ఒట్టేస్తే వినడం అంతకన్నా కష్టంగా నేర్చుకున్నాను. ఆ రోజు చాలాసేపటికి మంగ చీర వదిలి, తప్పటడుగులు వేసుకుంటూ తల్లి దాకా వచ్చింది. వీరవేణి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. "ఎప్పుడు నడిచిందే అమ్మా?" అని అడిగితే, వాళ్ళమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పింది. ఆ రెండు నెలల్లోనే.